‘కోట్ల ఏళ్లు గడిచాయి కదా’ అన్న మాటను తూచి చూడటం ఎలా?

జీవం ఎలా పుట్టిందన్న చర్చ ఎక్కడ మొదలైనా రెండు మాటలు వినిపిస్తాయి. "వందల కోట్ల ఏళ్లు గడిచాయి కదా, అంత కాలంలో దానంతటదే పుట్టి ఉంటుంది, మధ్యలో దేవుడెందుకు?" అనేది ఒకటి. "ఎన్ని కోట్ల ఏళ్లిచ్చినా మట్టిలోంచి ప్రాణం రాదు, కాబట్టి దేవుడే చేశాడు" అనేది రెండోది. నేను కాలేజీలో రసాయన శాస్త్రం చెబుతాను. దేవుణ్ణి నమ్ముతాను. ఈ రెండు మాటలూ నాకు ఒకేలా మింగుడుపడవు. మొదటి మాటలో కాలం అన్నీ చేసేస్తుంది, రెండో మాటలో కాలం ఏమీ చేయలేదు. నిజానికి కాలం ఏ పనీ చేయదు. పని జరిగితే దానికి కాలం పడుతుంది, అంతే. ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకుంటే, ఎవరి వాదననైనా ఓ కాగితం, పెన్ను పెట్టుకుని పరీక్షించవచ్చు. నేను తరగతిలోనూ ఇంట్లోనూ చేసే పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

ముందు కాగితం మీద తీసివేత వేయండి

"కోట్ల ఏళ్లు" అనగానే "ఎన్ని?" అని అడగండి. భూమి వయసు సుమారు 454 కోట్ల సంవత్సరాలు. 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ ఉల్కల్లోని సీసం ఐసోటోపులను, అంటే పరమాణు బరువులో తేడా ఉన్న సీసం రకాలను, కొలిచి 455 కోట్ల దగ్గర తేల్చారు. ఆ తరవాత ఎన్ని కొలతలు జరిగినా ఆ అంకె పెద్దగా కదల్లేదు. కాగితం పైభాగాన ఈ అంకె రాయండి.

ఇప్పుడు కింది నుంచి రండి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతపు రాళ్లలో సూక్ష్మజీవుల పొరలు కట్టిన గుర్తులున్నాయి. వాటి వయసు సుమారు 348 కోట్ల ఏళ్లు. అంటే అప్పటికే జీవం ఉంది. అదే రాష్ట్రంలోని జాక్ హిల్స్‌లో దొరికిన జిర్కాన్ స్ఫటికాలు కొన్ని 440 కోట్ల ఏళ్లనాటివి. వాటిలోని ఆక్సిజన్‌ను బట్టి ఆ రోజుల్లోనే భూమ్మీద నీళ్లు ఉండి ఉంటాయని అంచనా. ఇప్పుడున్న జీవులన్నిటి జన్యువులనూ పోల్చి, వాటి ఉమ్మడి పూర్వీకుడు సుమారు 420 కోట్ల ఏళ్ల కిందట ఉండేదని 2024లో ఒక పరిశోధక బృందం లెక్కగట్టింది.

ఇక తీసివేయండి. నీళ్లు నిలిచిన నాటి నుంచి జీవం గుర్తులు కనబడిన నాటి వరకూ మిగిలింది ఎక్కువలో ఎక్కువ వంద కోట్ల ఏళ్లు. 2024 నాటి లెక్క సరైనదైతే ఇరవై కోట్ల దగ్గరికి పడిపోతుంది. ఆ పూర్వీకుడు కూడా మొట్టమొదటి జీవి కాదు. వందల జన్యువులతో అప్పటికే బాగా ఎదిగిన కణం అది. ఇక విశ్వం వయసు 1380 కోట్లు కదా అని దాన్ని కలపకండి. భూమ్మీద జీవం పుట్టిందని అనుకుంటే భూమి చల్లబడిన తరవాతి కాలమే లెక్కలోకి వస్తుంది.

ఇంత చిన్న తీసివేత ఎందుకు ముఖ్యమో చెబుతాను. 1954లో జార్జ్ వాల్డ్ అనే జీవరసాయన శాస్త్రవేత్త జీవం పుట్టుక మీద ఒక వ్యాసం రాస్తూ, ఈ కథలో కథానాయకుడు కాలమేనని, చాలినంత కాలముంటే అసాధ్యమైనది సాధ్యమవుతుందని, సాధ్యమైనది చివరికి జరిగి తీరుతుందని వాదించారు. ఆయన సామాన్యుడు కాదు, చూపు వెనకున్న రసాయన శాస్త్రానికి 1967లో నోబెల్ అందుకున్నారు. అప్పటికి ఆయన చేతిలో ఉన్న లెక్క రెండు వందల కోట్ల ఏళ్లు. తరవాత దొరికిన రాళ్లు ఆ వ్యవధిని కోసేశాయి. అయినా ఆయన మాటను మనం ఇంకా వల్లిస్తూనే ఉన్నాం. రాళ్లు చెప్పే కథ ఒక రకంగా తలకిందులు: సూక్ష్మజీవులు తొందరగానే కనిపిస్తాయి, కంటికి కనబడే జంతువులు మాత్రం సుమారు 60 కోట్ల ఏళ్ల కిందటి దాకా రాలేదు. మనం కష్టమనుకునే మొదటి మెట్టు దగ్గర కాలం తక్కువ, ఆ తరవాతి మెట్ల దగ్గర ఎక్కువ.

భూమి వయసు కొన్ని వేల ఏళ్లేనని నమ్మేవారితో ఈ పద్ధతి ముందుకు సాగదు. వారితో మాట్లాడాల్సింది రాళ్ల వయసు తేల్చే యురేనియం, సీసం కొలతల గురించి. అది వేరే చర్చ. రెండూ ఒకేసారి పెట్టుకుంటే ఏదీ తెగదు.

కాలం పక్కన వేగం రాయండి

హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసాను మూత బిగించి చల్లటి చీకటి చోట పెడితే నెలల తరబడి ఉంటుంది. లోపల అది నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతూనే ఉంటుంది. కానీ ఎంత నెమ్మదిగా అంటే, ఒక గంట కూర్చుని చూసినా ఏమీ కనిపించదు. అందులోంచి కొంచెం పరీక్షనాళికలో పోసి చిటికెడు మాంగనీస్ డయాక్సైడ్ వేయండి. నల్లటి పొడి నీళ్లలోకి దిగీదిగగానే బుసబుసా నురగ లేస్తుంది, నాళిక వేడెక్కుతుంది, కొస మీద నిప్పు కణిక మిగిలిన పుల్లను మూతి దగ్గర పెడితే భగ్గున మండుతుంది. తరవాత ఆ పొడిని వడకట్టి, ఆరబెట్టి తూస్తే ఎంత వేశామో అంతే ఉంటుంది. నెలలు పట్టాల్సిన పని నిమిషాల్లో అయిపోయింది, పొడి మాత్రం తరగలేదు. ఈ ప్రయోగం చేసిన రోజున పిల్లలు "మేడమ్, అయితే టైమ్‌కి అర్థమే లేదా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న కోసమే నేను ఈ ప్రయోగం చేస్తాను. (కళ్లకు అద్దాలు పెట్టుకోకుండా మాత్రం చేయకండి.)

జీవకణాల్లో ఇదే సంగతి ఊహకందని స్థాయిలో జరుగుతుంది. ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏ తయారీకి అవసరమైన ఒక చర్యలో ఒరొటిడిన్ మోనోఫాస్ఫేట్ అనే అణువు నుంచి కార్బన్ డయాక్సైడ్ ఊడిపోవాలి. ఎంజైమ్, అంటే కణంలో చర్యను వేగం చేసే ప్రోటీన్, లేకుండా మామూలు నీళ్లలో వదిలేస్తే, ఉన్న అణువుల్లో సగం మారడానికి 7 కోట్ల 80 లక్షల ఏళ్లు పడుతుందని 1995లో రాడ్జికా, వుల్ఫెండెన్ లెక్కగట్టారు. ఎంజైమ్ ఉంటే సెకనులో యాభయ్యో వంతు కూడా పట్టదు.

కాబట్టి "కాలం సరిపోతుందా?" అని అడిగితే జవాబు లేదు. ఏ చర్యకు, ఏ ఉష్ణోగ్రతలో, ఆ నల్లటి పొడిలా తను తరగకుండా చర్యను వేగం చేసే ఏ ఉత్ప్రేరకం పక్కన ఉండగా? ఇవి చెప్పకపోతే వంద కోట్ల ఏళ్లు ఎక్కువో తక్కువో ఎవరూ తేల్చలేరు. మా అన్నయ్య కొడుకు ఒకసారి "అత్తా, టైమ్ ఇస్తే ఏదైనా జరుగుతుంది" అన్నాడు. "ఏది జరుగుతుంది నాన్నా? దాని రేటెంత?" అని అడిగాను. వాడు అలగలేదు, వెళ్లి వెతకడం మొదలుపెట్టాడు. మంచి ప్రశ్నకు ఉన్న బలం అది.

పాచికలు తీసుకుని మీ చేత్తోనే వేసి చూడండి

ఈ మెట్టును చదివి వదిలేయకండి, చేయండి. పది పాచికలు ఒకేసారి వేసి, పదింటికీ ఆరు పడాలని పెట్టుకోండి. సగటున 6 కోట్ల 4 లక్షలకు పైగా సార్లు వేయాలి. పది సెకన్లకు ఒకసారి చొప్పున నిద్రాహారాలు లేకుండా వేస్తే పందొమ్మిదేళ్లు దాటుతుంది.

ఇప్పుడు ఆట మార్చండి. ఆరు పడ్డ పాచికను పక్కన పెట్టి మిగతావి మాత్రమే మళ్లీ వేయండి. సగటున పదహారు, పదిహేడు సార్లలో పదీ ఆర్లవుతాయి. మూడు నిమిషాల లోపు పని. పాచికలు అవే, అదృష్టమూ అదే. మారింది ఒక్కటే: దొరికినది పోకుండా నిలిచింది.

"కాకతాళీయంగా జీవం పుట్టడం అసాధ్యం" అనే వాదనల్లో నూటికి తొంభై మొదటి ఆటనే లెక్కిస్తాయి. "పరిణామం అన్నీ చూసుకుంటుంది" అనే వాదనలు రెండో ఆటను లెక్కిస్తాయి. ఇక్కడ ఆగి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మొదటివారికి అది అవసరంలేదు, రెండోవారికి నచ్చదు. రెండో ఆటలో ఆర్లను పక్కన పెట్టింది ఎవరు? మీ చెయ్యి. ప్రకృతిలో ఆ చెయ్యి ఏది?

జీవులు ఉన్న తరవాత జవాబు సులువు. తనను తాను నకలు తీసుకునే వస్తువు ఒకటి ఉంటే, పనికొచ్చిన మార్పు నకళ్లలో నిలిచిపోతుంది. అదే ప్రకృతి వరణం. కానీ అది పనిచేయాలంటే నకలు తీసుకునేది ముందే ఉండాలి. అది లేని రోజుల గురించి మాట్లాడుతూ ప్రకృతి వరణాన్ని సాక్షిగా పిలవడం కుదరదు. డార్విన్‌కు ఈ సంగతి తెలుసు. 1871లో ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఏదో వెచ్చటి చిన్న మడుగులో మొదలై ఉండొచ్చని ఊహించాడే తప్ప, తన సిద్ధాంతం దాన్ని వివరించేసిందని అనలేదు.

నకలు తీయడం మొదలవకముందు దొరికినదాన్ని నిలిపే చేతులు ఏమైనా ఉన్నాయా అన్నదే ఇవాళ్టి పరిశోధనలో అసలు విషయం. కొన్ని కనబడుతున్నాయి. మాంట్‌మోరిలోనైట్ అనే బంకమట్టి ఖనిజం మీద ఆర్‌ఎన్‌ఏ ముక్కలు అతుక్కుని, యాభై దాకా లంకెలున్న గొలుసులుగా పెరుగుతాయని 1996లో జేమ్స్ ఫెరిస్ బృందం చూపించింది. కొవ్వు ఆమ్లాలు నీళ్లలో వాటంతటవే బుడగలుగా చుట్టుకుని, లోపలికి చేరినదాన్ని పట్టి ఉంచుతాయి. తడిసి ఎండే అంచుల్లో గొలుసులు కలుస్తాయి. ఇవన్నీ చిన్న చేతులు. అవి చాలా, చాలవా అన్న సంగతి ఎవరూ ఇంకా తేల్చలేదు.

సున్నాలు చూసి బెదరకండి, ఏం లెక్కించారో అడగండి

ఇరవై రకాల అమైనో ఆమ్లాలతో వంద పొడవున్న ఒక ప్రోటీన్‌ను కూర్చే విధాలు ఎన్నంటే, 1 పక్కన 130 సున్నాలు. విశ్వం పుట్టి గడిచిన సెకన్లు 1 పక్కన 18 సున్నాలంత కూడా లేవు. కంటికందే విశ్వంలోని పరమాణువులు సుమారు 1 పక్కన 80 సున్నాలు. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి "ఇక చెప్పేదేముంది" అంటారు. ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్ ఇంకా ముందుకెళ్లి, రెండు వేల ఎంజైములు ఒక్కసారిగా కాకతాళీయంగా కుదరాలంటే అవకాశం 1 పక్కన 40,000 సున్నాలలో ఒకటి అన్నాడు.

లెక్క తప్పు కాదు. లెక్కలోకి దిగే ముందు అనుకున్న విషయాల మీదే అడగాలి. ఒకటి, ఫలానా ప్రోటీనే కావాలా, లేక ఆ పని చేయగలిగే ఏదైనా సరేనా? రెండు, అన్నీ ఒకేసారి రావాలా? ఆధునిక ఎంజైములు రెండు వేలు ఒక్క దెబ్బలో పుట్టాయని ఈ రంగంలో ఎవరూ అనరు. మూడు, ప్రయత్నాలు ఒకదాని తరవాత ఒకటి జరుగుతున్నాయా, కోట్లాదిగా ఒకేసారి జరుగుతున్నాయా?

మూడో ప్రశ్న దగ్గర కాలం మీద మన చూపే మారుతుంది. వంద లంకెల పొడవున్న ఆర్‌ఎన్‌ఏ ఒక గ్రాము తీసుకుంటే అందులో సుమారు 1 పక్కన 19 సున్నాలంత అణువులుంటాయి. అంటే ఒక్క గ్రాములో, ఒక్క క్షణంలో, విశ్వం గడిపిన సెకన్ల కన్నా ఎక్కువ ప్రయత్నాలు. ఏళ్లు లెక్కపెట్టేవాళ్లు ఈ వెడల్పును మర్చిపోతారు.

మొదటి ప్రశ్నకు ప్రయోగశాలలోనే కొంత జవాబు దొరికింది. 1993లో బార్టెల్, షోస్టాక్ యాదృచ్ఛికంగా కూర్చిన సుమారు 1 పక్కన 15 సున్నాలంత ఆర్‌ఎన్‌ఏ గొలుసుల్లోంచి, రెండు ముక్కలను అతికించే పని చేయగలిగేవాటిని ఏరి తీశారు. 2001లో కీఫ్, షోస్టాక్ యాదృచ్ఛిక ప్రోటీన్లలో కణాల్లో శక్తిని మోసే ఏటీపీ అణువును పట్టుకోగలిగేవి సుమారు పది వేల కోట్లకు ఒకటి చొప్పున ఉంటాయని అంచనా వేశారు. పది వేల కోట్లు పెద్ద అంకే, కానీ 130 సున్నాల ముందు అది ఏ మూలకూ రాదు. అయితే ఇదే పేజీలో ఇంకో వాక్యం కూడా రాసుకోండి: ఆ గొలుసుల్ని కూర్చింది మనుషులు, ఏరింది మనుషులు, ఏరినవాటిని పెంచింది ఇప్పటి జీవుల నుంచి తెచ్చిన ఎంజైములు. ఈ రెండు వాక్యాల్లో ఒకదాన్ని దాచి ఇంకోటి చెప్పేవాళ్లు ఎవరైనా, మన పక్షం వాళ్లయినా సరే, నమ్మకండి.

కాలం విరగ్గొడుతుంది కూడా: ఆ ఖర్చు రాయండి

రసాయన శాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. ఆగితే ఆస్తి పెరుగుతుందన్నట్టు మాట్లాడతారు. అణువుల విషయంలో ఆగితే తరుగుతుంది.

ఆర్‌ఎన్‌ఏకి వెన్నెముక రైబోజ్ అనే చక్కెర. తటస్థ ద్రావణంలో 100 డిగ్రీల దగ్గర అందులో సగం 73 నిమిషాల్లో పాడైపోతుంది. సున్నా డిగ్రీల దగ్గరయితే 44 ఏళ్లు పడుతుంది. ఆర్‌ఎన్‌ఏ నాలుగు అక్షరాల్లో ఒకటైన సైటోసిన్ 100 డిగ్రీల దగ్గర 19 రోజుల్లో సగమవుతుంది, సున్నా దగ్గర 17,000 ఏళ్లలో. ఈ అంకెల్లో చాలావరకూ స్టాన్లీ మిల్లర్ ప్రయోగశాల నుంచే వచ్చాయి. 1953లో మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి ఉన్న గాజు పాత్రలో విద్యుత్ మెరుపులు పుట్టించి అమైనో ఆమ్లాలు తీసిన మిల్లరే ఆయన. తన పక్షానికి ఇబ్బంది కలిగించే కొలతలు తనే చేసి తనే ప్రచురించాడు. నాకు ఆయన మీద గౌరవం ఆ గాజు పాత్ర వల్ల కన్నా ఈ కొలతల వల్లే ఎక్కువ.

ఇప్పుడు లెక్క చూడండి. 44 ఏళ్లలో సగమైపోయే వస్తువుకు పది కోట్ల ఏళ్లు ఇస్తామనడంలో అర్థం లేదు. అది తయారైన కొద్ది కాలంలోనే తరవాతి చర్యలోకి వెళ్లిపోవాలి, లేదా దాన్ని ఏదైనా కాపాడాలి. బోరేట్ ఖనిజాలు రైబోజ్‌ను పట్టి నిలుపుతాయని 2004లో స్టీవెన్ బెన్నర్ బృందం చూపింది. 2009లో జాన్ సదర్‌లాండ్ బృందం రైబోజ్‌ను విడిగా తయారు చేసే అవసరమే లేకుండా ఆర్‌ఎన్‌ఏ అక్షరాల్లో రెండింటికి దారి కనిపెట్టింది. దారి మారితే అడ్డంకి పోవచ్చు. ఎక్కువ కాలం ఇచ్చినంత మాత్రాన మాత్రం పోదు. కాగితం మీద ప్రతి పదార్థం పక్కనా రెండు గడులు గీయండి: ఎంత వేగంగా పుడుతుంది, ఎంత వేగంగా పోతుంది. మొదటిది రెండోదాన్ని మించకపోతే ఎన్ని కోట్ల ఏళ్లయినా దండగే.

ఉష్ణగతిక శాస్త్రం రెండో నియమం తెచ్చి "క్రమం దానంతటది రాదు" అనే వాదనకు ఎక్కువ సేపు అక్కర్లేదు. సూర్యుడి నుంచి, భూగర్భం నుంచి శక్తి వచ్చిపడే చోట క్రమం ఏర్పడటానికి ఆ నియమం అడ్డు చెప్పదు. అలాగని క్రమం తప్పక వస్తుందనీ చెప్పదు. జీవం జీవం నుంచే వస్తుందనడానికి సాక్ష్యంగా తెచ్చే పాశ్చర్ సీసాలదీ అదే దారి: మరిగించిన రసంలో సూక్ష్మజీవులు వాటంతటవి పుట్టవని ఆయన 1860 ప్రాంతంలో చూపాడు. ఆక్సిజన్ లేని తొలినాటి భూమి గురించి ఆ సీసాలు ఏమీ చెప్పవు.

ఉన్నది ఉన్నట్టు రెండు వరసల్లో రాయండి

ఎడమ వరసలో చూపించినవి: 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ దగ్గర పడ్డ ఉల్కలో డెబ్బైకి పైగా అమైనో ఆమ్లాలున్నాయి. బెన్నూ అనే గ్రహశకలం నుంచి 2023లో తెచ్చిన మట్టిలో, జీవులు వాడే ఇరవై అమైనో ఆమ్లాల్లో 14, డీఎన్‌ఏ ఆర్‌ఎన్‌ఏల అక్షరాలు ఐదూ ఉన్నాయని 2025 జనవరిలో ప్రకటించారు. ఇటుకలు కష్టం కాదు, ఆకాశంలోనే పడి ఉన్నాయి. ఆర్‌ఎన్‌ఏ సమాచారం మోయడమే కాక ఎంజైములా పని కూడా చేయగలదని కనిపెట్టినందుకు చెక్, ఆల్ట్‌మన్‌లకు 1989లో నోబెల్ వచ్చింది.

కుడి వరసలో చూపించనివి: ముడి పదార్థాల నుంచి మొదలుపెట్టి, మధ్యలో మనిషి చెయ్యి పడకుండా, తనను తాను నకలు తీసుకుంటూ మారుతూ సాగే వ్యవస్థ ఏ ప్రయోగశాలలోనూ ఇంతవరకూ రాలేదు. జన్యు సంకేతం, అంటే ఆర్‌ఎన్‌ఏ అక్షరాలకూ అమైనో ఆమ్లాలకూ మధ్య ఆ ఒడంబడిక, ఎలా కుదిరిందో తెలియదు.

ఈ రెండు వరసలూ చూశాక "కాలమే చేసింది" అనడం ఎంత తొందరపాటో, "ఇక ఎప్పటికీ తెలియదు" అనడమూ అంతే తొందరపాటు.

దేవుడి ప్రశ్నను దాని చోట పెట్టండి

ఇప్పటిదాకా రాసిన కాగితం మీద దేవుడి ప్రస్తావన లేదు. కావాలనే తేలేదు. ఇప్పుడు వేరే కాగితం తీసుకుని, మీరు ఏ దేవుడి గురించి మాట్లాడుతున్నారో రాయండి. ప్రకృతికి చేతకాని చోట వచ్చి పని చేసిపెట్టే దేవుడా? లేక ప్రకృతి, దాని నియమాలు, దాని కాలం అన్నీ ఎవరి వల్ల ఉన్నాయో ఆ దేవుడా? నాస్తికులు కూడా రాయాలి: మీరు కాదంటున్నది ఈ ఇద్దరిలో ఎవరిని?

మొదటివాడయితే రైబోజ్ లెక్కలు ఆయనకు చావుబతుకుల సమస్య. ప్రతి కొత్త ప్రయోగమూ ఆయన చోటును ఒక అంగుళం తగ్గిస్తుంది. ఒక్క మాట కఠినంగా చెబుతున్నాను, నాతోపాటు దేవుణ్ణి నమ్మేవారికే చెబుతున్నాను: శాస్త్రానికి ఇంకా తెలియని చోటును దేవుడి చిరునామాగా పిల్లలకు నేర్పకండి. వాళ్లు కాలేజీకి వచ్చాక ఆ చోటు నిండితే, దేవుడు ఖాళీ చేసి వెళ్లిపోయాడనుకుంటారు. అలా అనుకున్న పిల్లల్ని నేను చూశాను. వాళ్ల బాధ చిన్నది కాదు.

రెండోవాడయితే కాలం ఎంతన్నది అసలు ప్రశ్నే కాదు. ఇది ఇవాళ శాస్త్రానికి భయపడి చెబుతున్న మాట కాదు. పదమూడో శతాబ్దంలో క్రైస్తవ తాత్వికుడు థామస్ అక్వినాస్ ప్రపంచానికి మొదలుందని విశ్వాసం కొద్దీ నమ్మాడు. అయినా దాన్ని తర్కంతో నిరూపించలేమన్నాడు. మొదలే లేని ప్రపంచమైనా తన ఉనికికి దేవుడి మీదే ఆధారపడుతుందని వాదించాడు. అనంతమైన కాలం ఇచ్చినా ఆయన దేవుడికి వచ్చిన నష్టం లేదు.

మన దగ్గర ఈ వాదన ఇంకా సూటిగా జరిగింది. చైతన్యం లేని ప్రకృతి తనంతట తానే పరిణమిస్తుందని సాంఖ్యులు, అంటే సాంఖ్య దర్శనం వారు, అన్నారు. దూడ పెరగడం కోసం, ఏమీ తెలియని పాలు వాటంతటవి ప్రవహించడం లేదా అన్నది వారి దృష్టాంతం. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో దానికి జవాబిస్తూ, ఆ పాలు కూడా ఊరికే రావు, చైతన్యమున్న ఆవు దూడ మీది ప్రేమతో చేపితేనే, దూడ కుడిస్తేనే వస్తాయి అన్నారు. గమనించండి, "కాలం చాలినంత ఉంది" అని సాంఖ్యులు అనలేదు, "కాలం చాలదు" అని శంకరులూ అనలేదు. జడమైనది తనంతట తాను ఒక పనికి పూనుకోగలదా అన్నదే ఇద్దరి మధ్య తగవు. యుగాలనూ కల్పాలనూ అంత ధారాళంగా లెక్కించిన సంప్రదాయంలో, ఆ లెక్కను ఇద్దరూ ఈ తగవులోకి దించలేదు. ఇక కుమారిల భట్టు వేదాన్ని తలకెత్తుకున్నవాడే, అయినా ప్రపంచానికి సృష్టికర్త ఉన్నాడన్న మాటను ఖండించాడు. దేవుడి ప్రశ్న మీద మనవాళ్లు ఎంత స్వేచ్ఛగా, ఎంత పదునుగా వాదించుకున్నారో చూస్తే, మన చర్చలు ఇంత మొరటుగా ఎందుకయ్యాయా అనిపిస్తుంది.

నా మాట చెప్పాలంటే, నా నమ్మకం రైబోజ్ విరిగిపోవడం మీద నిలబడి లేదు. రేపు ఎవరైనా మడుగు నుంచి కణం దాకా ప్రతి మెట్టూ చూపిస్తే ఆ రోజు తరగతిలో సంతోషంగా బోర్డు మీద గీసి చెబుతాను, సాయంత్రం ఎప్పటిలాగే దీపం పెట్టుకుంటాను. నాస్తికుడైన స్నేహితుడికి ఆ రోజు న్యాయంగా దక్కేది ఒకటుంది: "ఆ మెట్టు దగ్గర ప్రత్యేకమైన అద్భుతం అక్కర్లేదు" అని అతను ధీమాగా చెప్పవచ్చు, నేను ఒప్పుకోవాలి. ఇలాంటి నియమాలు ఉండటమేమిటి, ఏదైనా ఉండటమేమిటి అన్న ప్రశ్న మాత్రం అప్పటికీ మా ఇద్దరి మధ్యా ఉంటుంది. అది అనవసరమైన ప్రశ్న అని అతను అనవచ్చు. అప్పుడు మేం తత్వశాస్త్రం మాట్లాడుకుంటున్నట్టు, రసాయన శాస్త్రం కాదు.

కాగితాన్ని పారేయకండి

కొత్త వార్త వచ్చినప్పుడు ఏ గడి మారాలో చూసుకోండి. ఆర్‌ఎన్‌ఏ తయారీ మీద కొత్త ప్రయోగం వస్తే, ఏ ఉష్ణోగ్రతలో చేశారు, ఎంత శుద్ధమైన పదార్థాలు వాడారు, ఎన్నిసార్లు మధ్యలో శుభ్రం చేశారు అని వెతకండి. పత్రికా వార్తలో ఇవి ఉండవు, పరిశోధన పత్రంలో పద్ధతుల భాగంలో ఉంటాయి. పాతరాయి ఒకటి దొరికిందంటే మొదటి తీసివేత మళ్లీ వేయండి.

అన్నిటికన్నా పెద్ద మార్పు భూమి బయట నుంచి రావచ్చు. 2024 అక్టోబర్‌లో బయల్దేరిన యూరోపా క్లిప్పర్ నౌక 2030లో గురుగ్రహం దగ్గరికి చేరాలి. యూరోపా మంచు కింది సముద్రంలో జీవానికి అనువైన పరిస్థితులున్నాయా అని చూడటం దాని పని, జీవాన్ని పట్టుకోవడం కాదు. ఆ తరవాత ఎప్పుడైనా, ఎక్కడైనా, మనతో ఏ చుట్టరికమూ లేని రెండో జీవం దొరికితే, అనువైన చోట్ల జీవం పుట్టడం అంత అరుదు కాదని తేలుతుంది. ఇప్పటిదాకా మన దగ్గరున్నది ఒకే ఒక్క ఉదాహరణ, దాన్ని పట్టుకుని ఎంత అరుదో ఎంత సులువో ఎవరూ చెప్పలేరు. అది దొరికిన రోజున మొదటి కాగితం మీది అంకెలన్నీ మళ్లీ రాయాలి. రెండో కాగితంలో మాత్రం ఒక్క అక్షరం మార్చే పని ఉండదు.